సముద్రం ఒడ్డున తిన్నవీ, తెలుసుకున్నవీ

"ఈసారి పత్రికకి చరిత్ర వ్యాసం రాయండి. మీ ఊరిదైనా సరే, మీరు కళ్లారా చూసిన ఊరిదైనా సరే. పుస్తకం చూసి దించితే మాత్రం ఒప్పుకోను" అన్నారు మా సోషల్ సార్. నేను తిండి గురించి రాస్తానంటే క్లాసంతా నవ్వింది. సార్ నవ్వలేదు. "రాయి. తిండిలో ఉన్నంత చరిత్ర కోటల్లో కూడా ఉండదు" అన్నారు.

దీనికి మొదలు మా మామ. అమ్మ తమ్ముడు. సరుకుల ఓడలో వంటపనికి ఉన్నాడు. ఓడ ఏ రేవులో ఆగితే అక్కడి తిండి ఫొటో తీసి, వాయిస్ మెసేజ్ పెడతాడు. పోయిన సంవత్సరం వాళ్ల ఓడ ఇటలీ రేవులన్నీ తిరిగింది. జెనోవాలో ఆలివ్ నూనె, ఉప్పు వేసి కాల్చిన ఫొకాచ్చా రొట్టె తిన్నాడట. నేపుల్సులో పిజ్జా తిన్నాడట. "మన దగ్గర అమ్మే పిజ్జా కాదే ఇది, పిండి మధ్యలో మెత్తగా తడిగా ఉంటుంది" అన్నాడు. సలెర్నో పక్కన చెతారా అని చిన్న ఊరు ఉందట. అక్కడ నెత్తళ్లను ఉప్పులో నెలల తరబడి ఊరబెట్టి, కిందికి కారిన రసాన్ని సీసాల్లో పోసి అమ్ముతారట. రెండు చుక్కలు అన్నంలో వేసుకుంటే చాలంట.

అది విని మా అవ్వ అంది, "మావాళ్లు ఎండేస్తారు, వాళ్లు ఊరేస్తారు. అంతే గదా." అని గోడవైపు తిరిగి పడుకుంది.

మా అవ్వది చీరాల పక్క సముద్రం ఒడ్డు పల్లె. కానీ నాకు తెలిసినంత కాలంలో అవ్వ సముద్రపు చేప ముట్టింది లేదు. చెరువు చేప తింటుంది. ఆంబూరు బిరియాని తెస్తే జీరక సాంబ బియ్యం అన్నం, పక్కన పెట్టే వంకాయ ఇష్టంగా తింటుంది. సముద్రపు చేప వండిన రోజు మాత్రం మజ్జిగన్నంతో సరిపెట్టుకుంటుంది. ఎందుకని అడిగితే ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజు రాత్రి నాయన చెప్పాడు. 1977 నవంబరు 19 ఉప్పెనలో అవ్వ తమ్ముడు పోయాడు. ఒళ్లు కూడా దొరకలేదు. ఆ తర్వాత అవ్వ పుట్టింటి వైపు పోనేలేదు.

ముందు మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి. జోలార్పేటకి సముద్రం లేదు. ఏలగిరి కొండ ఉంది, రైళ్లు ఉన్నాయి. మన దక్షిణాదిలో మొదటి రైలు 1856 జులై 1న మద్రాసు రాయపురం నుంచి వాలాజా దాకా నడిచింది. ఆ లైనే ముందుకు సాగి మన గుడియాత్తం, ఆంబూరు మీదుగా జోలార్పేటకి వచ్చింది. 1864లో ఇక్కణ్నుంచి బెంగుళూరు కంటోన్మెంటుకి పాయ వేశారు. అప్పట్నుంచి మాది జంక్షను. మా తాత రైల్వేలో గ్యాంగ్‌మ్యాన్. మొదట చీరాల సెక్షనులో ఉండేవాడు. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడేదాకా బెజవాడ డివిజను కూడా దక్షిణ రైల్వేలోనే ఉండేది. అందుకే చీరాల మనిషిని జోలార్పేటకి బదిలీ చేయడం అప్పట్లో సులువు. బదిలీ ఒక్క ఏడాది ఆలస్యమై ఉంటే నేను ఈ బడిలో ఉండేదాన్ని కాదు!

ఇంకో మాట. 2019 జులైలో మద్రాసుకి నీళ్లు లేకపోతే మా జోలార్పేట నుంచే రైల్లో నీళ్లు పంపారు. 50 ట్యాంకుల రైలు, ఒక్కో రైలుకి 25 లక్షల లీటర్లు. సముద్రం పక్కనున్న ఊరికి సముద్రం లేని ఊరు నీళ్లు పంపింది. అదే ఏడాది వేలూరు జిల్లాను మూడు చేశారు, మేము తిరుపత్తూరు జిల్లా అయ్యాం.

నాయన ఏం చెప్పి ఒప్పించాడో గానీ, అవ్వ బయల్దేరింది. ఎండాకాలం సెలవుల్లో పోదామంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. అందుకని సంక్రాంతి సెలవుల్లో పోయాం. మద్రాసులో రైలు మారడానికి నాలుగు గంటలు టైముంటే మెరీనాకి పోయి మాంగా, కొబ్బరి వేసిన బఠాణీ సుండల్ తిన్నాం. ఇసకా సుండలూ కలిసిపోయిన రుచి. అంతకు మించి అక్కడ చూసిందేమీ లేదు.

మా సార్ క్లాసులో చెప్పిన సంగతి ఒకటి అక్కడ గుర్తొచ్చింది. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో 1945లో వీలర్ దొర తవ్వించినప్పుడు ఇటలీలోని అరెజ్జో వైపు తయారైన ఎర్రటి పళ్లాల ముక్కలు దొరికాయి. రెండు వేల ఏళ్ల కిందటివి. కోల జాడీల పెంకులు కూడా దొరికాయి. వాటిల్లో వైను, ఆలివ్ నూనె, చేపలను పులియబెట్టి తీసిన గారమ్ అనే రసం వచ్చేవి. మా మామ చెతారాలో చూసిన సీసా ఆ గారమ్ వంశానిదే. అంటే ఆయన అంత దూరం పోయి చూసిన వస్తువు ఎప్పుడో ఓడెక్కి మన ఒడ్డుకే వచ్చింది. తిరిగి పోయేటప్పుడు ఓడల్లో మిరియాలు పోయేవి. రోములో మిరియాలు దాచడానికి ప్రత్యేకంగా గోదాములే కట్టారు.

రాత్రి బండిలో అందరం పడుకున్నాం. ఎందుకో మెలకువ వచ్చి చూస్తే అవ్వ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. బండి చీరాలలో ఆగింది. ప్లాట్‌ఫారం మీద టీ అమ్మేవాళ్లు అరుస్తున్నారు. అవ్వ కదల్లేదు. నిజానికి మా టికెట్టు అక్కడికే తీయాల్సింది. అవ్వే "ముందు బందరు పోదాం, మా చిన్నమ్మ కూతురు ఉంది, దాన్ని చూసి తర్వాత చూద్దాం" అని మొండికేసింది. బండి కదిలాక తల మీద కొంగు కప్పుకుని పడుకుంది. నేను నిద్రపోతున్నట్టే ఉండిపోయాను.

బందరు అంటే మచిలీపట్నం. 1611లో ఇంగ్లీషువాళ్లు ఇక్కడ వ్యాపారం మొదలుపెట్టారు. వాళ్లకన్నా ముందే డచ్చివాళ్లు వచ్చారు. ఇప్పుడు చూస్తే అంత పెద్ద రేవు ఊరని నమ్మలేం. మాకు అక్కడ ముఖ్యం లడ్డు. బందరు లడ్డుని తొక్కుడు లడ్డు అంటారు. శనగపిండిని సన్నటి కారప్పూసలా నూనెలో వేయించి, దాన్ని దంచి, జల్లించి, బెల్లం పాకం పోసి, నెయ్యి వేసి మళ్లీ దంచుతారు. ఇక్కడ రోకలి పనే రుచి. నోట్లో వేసుకుంటే పూస ఆనవాలు ఎక్కడా తగల్లేదు. ఉత్తరాది నుంచి వచ్చి స్థిరపడ్డ బొందిలీలు ఈ మిఠాయి తెచ్చారని ఊళ్లో చెప్పుకుంటారు. పరాయివాళ్లు తెచ్చిన వస్తువుకి ఊరి పేరు పెట్టి పిలుచుకోవడం నాకు బాగా నచ్చింది. ఆంబూరు బిరియాని కూడా అంతే గదా.

అవ్వ చెల్లెలు వరసయ్యే ఆ అవ్వ ఇంట్లో భోంచేస్తున్నప్పుడు పెద్ద ఉప్పెన మాట వచ్చింది. 77ది కాదు, అంతకు ముందుది. 1864 నవంబరు 1న బందరు మీద పడ్డ ఉప్పెనలో సుమారు 30 వేల మంది పోయారు. నాకు చేతిలో ముద్ద ఆగిపోయింది. 1864 అంటే మాకు బడిలో నేర్పిన సంవత్సరం, జోలార్పేట జంక్షనైన సంవత్సరం. ఆగస్టులో అక్కడ బెంగుళూరు రైలు, నవంబరులో ఇక్కడ ఇది. ఒకే సంవత్సరాన్ని రెండు ఊళ్లు ఎంత వేరుగా గుర్తు పెట్టుకున్నాయో!

మూడో రోజు అవ్వే అంది, "సరే, పోదాం పదండి."

చీరాలలో దిగి హోటల్లో భోజనానికి కూర్చున్నాం. నేను "అన్నా, నండు ఉందా?" అని అడిగాను. వడ్డించే అబ్బాయి "నండేంటి?" అన్నాడు. నాయన "పీతలు" అని చెప్పాడు. "ఎరా" అన్నాను, అదీ తెలియలేదు. రొయ్యలట. ఆ అబ్బాయి లోపలికి పోయి "అరవోళ్లొచ్చారు" అని చెప్పడం వినపడింది. జోలార్పేటలో మేం తెలుగోళ్లం. మా వీధి పిల్లలు తమిళంలో ఆడుకుంటూ నన్ను "తెలుంగు పొణ్ణు" అంటారు. ఇక్కడికొస్తే అరవోళ్లం. తమిళనాడులో 2006 నాటి చట్టం తర్వాత మేం తమిళం తప్పకుండా చదవాలి, చదువుతున్నాం. తెలుగు మా మీడియం. రెండూ సగం సగం వచ్చి ఏదీ పూర్తిగా రాదేమోనని నాకు ఎప్పుడూ భయమే. ఆ హోటల్లో వంజరం వేపుడు చాలా బాగుంది గానీ నాకు సరిగ్గా తినబుద్ధి కాలేదు. అవ్వ ఎప్పటిలాగే పెరుగన్నం తింది. గ్లాసు పెదాలకి తగలకుండా ఎత్తి నీళ్లు తాగింది, నేను ఎంగిలి చేస్తే కసిరింది.

మధ్యాహ్నం వేటపాలెం పోయాం. జీడిపప్పు కొనడానికని వెళ్లి సారస్వత నికేతనం గ్రంథాలయం చూశాం. 1918లో పెట్టింది. అక్కడ కూర్చుని మార్కో పోలో గురించి చదివాను. ఈయన వెనిస్ మనిషి, ఇటలీ సముద్రపు ఊరి మనిషి. చైనా నుంచి ఇంటికి తిరిగిపోతూ 1290ల్లో మన తీరం మీదుగా పోయాడు. తర్వాత జెనోవావాళ్ల చెరలో ఉన్నప్పుడు, 1298లో, తోటి ఖైదీకి చెప్పి తన ప్రయాణాలు రాయించాడు. మా మామ రొట్టె తిన్న జెనోవాయే. అందులో ముత్ఫిలి అని ఒక రాజ్యం వస్తుంది. అది మన మోటుపల్లి. వేటపాలేనికి దగ్గరే, ఇప్పుడు బాపట్ల జిల్లా. అక్కడ ఒక రాణి 40 ఏళ్లుగా న్యాయంగా పాలిస్తోందని, ఆమె రాజు భార్య అని ఆయన చెప్పాడు. ఆమె మన రుద్రమదేవి. భార్య కాదు, గణపతిదేవుడి కూతురు. పాలించింది 1262 నుంచి 1289 దాకా. పోలో స్వయంగా మోటుపల్లిలో దిగాడా, ఓడవాళ్లు చెప్పింది రాయించాడా అని చరిత్రకారులు వాదించుకుంటారు. ఇలాంటి తప్పులు చూస్తే విన్నదే ఎక్కువని నాకనిపిస్తుంది. కానీ బట్ట గురించి బాగా చెప్పాడు, సాలెగూడు అంత సన్నటి బట్ట అని. చీరాలలో మగ్గాలు ఇప్పటికీ ఉన్నాయి. మన గుడియాత్తం లుంగీలు నేసేవాళ్లు ఈ మాట వింటే సంతోషిస్తారు.

నాకు అన్నిటికన్నా నచ్చింది వేరే. మన తమిళ తీరాన్ని ఆయన మాబార్ అంటాడు. అక్కడి జనం కుడిచేత్తోనే తింటారని, ఎవరి చెంబు వాళ్లదేనని, తాగేటప్పుడు చెంబు పెదాలకి తగలనీయరని చెప్పాడు. ఏడు వందల ఏళ్ల కిందట ఒక ఇటలీ మనిషి వింతగా చూసిన పనే మా అవ్వ హోటల్లో చేసింది. చేయనందుకే నన్ను కసిరింది!

తిండి గురించి ఇంకొకటి. పోలో కాలంలో మోటుపల్లి పులుసులో మిరపకాయ లేదు. వెనిస్‌లో టమాటా లేదు. రెండూ అమెరికా నుంచి రావాలి. కొలంబస్ 1492లో గానీ అక్కడికి పోలేదు. మిరపకాయను మన దేశానికి పోర్చుగీసువాళ్లు తెచ్చారు. ఇటలీలో టమాటా మాట మొదటిసారి 1548లో కనపడుతుంది. టమాటా సాసు వంటల పుస్తకంలోకి ఎక్కడానికి 1692 దాకా, నేపుల్సు దాకా ఆగాలి. అంతకు ముందు కారమంటే అందరికీ మిరియమే. ఇది నాకు భాషలోనే దొరికింది. తమిళంలో మిరియం మిళగు, మిరపకాయ మిళగాయ్. అంటే మిరియపు కాయ. తెలుగులో మిరియం, మిరప కూడా అలాగే అక్కచెల్లెళ్లలా ఉన్నాయి. మామని అడిగితే ఇటలీవాళ్లు మిరియాన్ని పేపే అంటారు, మిరపకాయను పేపెరొంచీనో అంటారని మెసేజ్ పెట్టాడు. కొత్త కాయ వచ్చినప్పుడు అటు ఒడ్డువాళ్లకీ ఇటు ఒడ్డువాళ్లకీ పాత పేరే గుర్తొచ్చింది. ఆ పేపే కూడా మన పిప్పలి నుంచి పోయిన మాటే.

మర్నాడు చినగంజాం ఉప్పు మళ్ల మీదుగా మోటుపల్లి పోయాం. రేవు లేదు, ఓడలు లేవు. వీరభద్రస్వామి గుడి ఉంది. అక్కడి స్తంభం మీద గణపతిదేవుడు 1244లో వేయించిన శాసనం ఉంది. దాన్ని అభయశాసనం అంటారు. అక్షరాలు నాకు చదవడం రాలేదు గానీ గ్రంథాలయంలో దాని సంగతి రాసుకొచ్చాను. గుడి అరుగు మీద కూర్చుని అవ్వకి చదివి వినిపించాను.

అంతకు ముందు రాజులు, గాలివానకి దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ లాక్కునేవాళ్లట. ప్రాణానికి తెగించి సముద్రం మీద తిరిగే వర్తకుల మీద దయతో గణపతిదేవుడు ఇక అలా చేయబోమని మాటిచ్చాడు. నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోమన్నాడు. ఆ సుంకం ముప్పై వంతుల్లో ఒక వంతు. గంధం, కర్పూరం, పన్నీరు, ముత్యాలు, దంతం, పట్టు, వక్కలు ఇలా దేనికెంతో లెక్క ఉంది.

అవ్వ చాలాసేపు స్తంభం వైపే చూసింది. "సముద్రం తీసుకున్నాక రాజు కూడా తీసుకుంటే ఇంకేం మిగుల్తుందే? మంచి పని చేశాడు మారాజు" అంది. ఇంకాసేపాగి, తమ్ముడి పేరు ఎత్తింది. నా చెవులతో ఆ పేరు వినడం అదే మొదటిసారి. వల సరిచేస్తూ పాడేవాడట. చింతకాయ వేసి నెత్తళ్లు వండితే కుండ మొత్తం ఒక్కడే ఖాళీ చేసేవాడట.

ఆ శాసనంలో మోటుపల్లికి ఇంకో పేరు ఉంది, దేశి ఉయ్యక్కొండ పట్టణం. నాయనకి అర్థం కాలేదు. గుడి దగ్గరున్న ఒక పెద్దాయన్ని అడిగితే ఏదో పాత పేరమ్మా అన్నారు. నాకు మాత్రం ఒళ్లు జల్లుమంది. ఉయ్య అనేది తమిళ మాట. గట్టెక్కడం, బతికి బయటపడడం. తిరుచ్చిలో ఉయ్యక్కొండాన్ కాలువ ఉందని తమిళం పాఠంలో చదివాం. దేశి అంటే దేశదేశాలు తిరిగే వర్తకులు. వర్తకులు గట్టెక్కిన ఊరు అని నేను అర్థం చెప్పుకున్నాను. ఇంటికొచ్చాక సార్ కూడా సరేనన్నారు. తెలుగు రేవుకి తమిళ పేరు. హోటల్లో అరవపిల్ల అనిపించుకున్నాను కాబట్టే అది నాకు తెలిసింది. పెద్దాయనకి చెప్తే ఆయన రెండుసార్లు పలికి చూసుకుని, "ఏ ఊరమ్మా మీది?" అన్నారు. "జోలార్పేట" అని కొంచెం గట్టిగానే చెప్పాను.

సాయంత్రం వాడరేవు. పడవలు ఒడ్డుకొచ్చి ఉన్నాయి. చందువలు, కానాగంతలు, పీతలు, నెత్తళ్లు కుప్పలు పోసి పాడుకుంటున్నారు. అవ్వ ఆ పాటలోకి దూరి శేరు నెత్తళ్లు బేరమాడింది. ఎక్కడ నేర్చుకుందో మర్చిపోలేదు, మొప్పలు ఎత్తి చూసి మరీ కొంది. పక్కన తడికల హోటలామెకి ఇచ్చి వండమంది. ఆమె టమాటా తీస్తే "అదొద్దమ్మా, పచ్చి చింతకాయ దంచి వెయ్యి" అని పీట లాక్కుని పక్కనే కూర్చుంది. ఉల్లిపాయ, పచ్చిమిరప, పసుపు, దంచిన చింతకాయ, చినగంజాం ఉప్పు, అంతే. చేపలు చివర్లో వేసి గరిటె పెట్టకుండా కుండనే కుదిపింది.

ఆకులో అన్నం పెట్టారు. నాయనా నేనూ తినకుండా అవ్వ వైపే చూస్తున్నాం. "నా మొహం చూస్తారేం, తినండి" అంది. తర్వాత ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. నమిలింది. కళ్లు తుడుచుకుంది.

"ఉప్పు చాల్లేదు" అంది. ఇంకొంచెం పులుసు పోయమని ఆకు ముందుకు జరిపింది.

తిరుగు రైల్లో ఎండు నెత్తళ్ల మూట సీటు కింద పెట్టాం. గూడూరు దాటేలోపు పెట్టెలో వాళ్లంతా ముక్కులు మూసుకున్నారు. అవ్వ మాత్రం ఎదుటి సీటామెకి అవి ఎలా వేయించాలో సగం తెలుగులో, సగం తమిళంలో చెప్తూనే ఉంది. కాట్పాడిలో ఆమె దిగేటప్పుడు రెండు గుప్పిళ్లు కాగితంలో కట్టించుకుని మరీ దిగింది.